వికలాంగుల సేవల పట్టిక: ఎవరు రాయాలి?

పట్టిక చూడడానికి అమాయకమైన వస్తువు. నాలుగు గీతలు, కొన్ని గడులు, గడులలో పేర్లు, అంకెలు. కాని చరిత్రలో ఏ పట్టికా ఊరక పుట్టలేదు. కరణాల దండకవిలె శిస్తు కోసం పుట్టింది. షావుకారు ఖాతా పుస్తకం వడ్డీ కోసం పుట్టింది. పోలీసు స్టేషనులోని జాబితా నిఘా కోసం పుట్టింది. కనుక ఏ పట్టిక మన ముందుకు వచ్చినా అభ్యుదయవాదులు అడగవలసిన ప్రశ్నలు రెండు. దీనిని రాస్తున్నవారెవరు? దీనిలోకి ఎక్కుతున్నవారెవరు?

ఈ రెండు ప్రశ్నలను వికలాంగుల విషయంలో వేసి చూడడమే నా ఉద్దేశం. కొంతకాలంగా ప్రపంచంలో అనేక చోట్ల ఒక కొత్త రకం పట్టిక వాడుకలోకి వచ్చింది. అది ఇంటర్నెట్‌లో ఉంటుంది. ఏ ఊళ్లో వికలాంగులకు ఏ సేవ దొరుకుతుందో, ఏ భవనంలోకి చక్రాల కుర్చీ పోతుందో, ఏ ఆస్పత్రిలో సైగల భాష తెలిసినవారు ఉన్నారో దానిలో ఉంటుంది. దానికి ఒక సంపాదకుడు, ఒక కార్యాలయం అని ఉండవు. తెలిసినవారు ఎవరైనా చేర్చవచ్చు, తప్పు కనిపిస్తే ఎవరైనా దిద్దవచ్చు. దీనిని చాలామంది సాంకేతిక శాస్త్రం చేసిన వింతగా మాత్రమే చూస్తారు. నేను చరిత్ర వైపు నుండి చూస్తాను. ప్రభుత్వం నూట యాభై ఏళ్లుగా వికలాంగుల పట్టిక రాస్తూ వచ్చింది. వికలాంగులు తమకు అందవలసిన సేవల పట్టికను తామే రాసుకోవడం నిన్న మొన్న మొదలైంది. మొదటిది మనుషుల లెక్క, రెండవది బాకీల లెక్క. ఈ మార్పు ఎట్లా వచ్చింది, మన డెల్టాకు దానితో ఏమి పని అన్నదే ఇక్కడి చర్చ.

మొదట మనుషుల లెక్క సంగతి చూద్దాం. వలస ప్రభుత్వం 1872 నాటి జనాభా లెక్కలతోనే ఈ పని మొదలుపెట్టింది. 1931 వరకూ ప్రతి పదేళ్లకూ గుడ్డివారెందరు, చెవిటి మూగవారెందరు, పిచ్చివారెందరు, కుష్ఠురోగులెందరు అని లెక్క తీశారు. ఆ లెక్క తీసినది వారికి బడులు కట్టడానికా, వైద్యం చేయడానికా? అక్కడక్కడ మిషనరీలు, దాతలు పెట్టిన ఆశ్రమాలు తప్ప ఆ కాలంలో ప్రభుత్వం చేసినది స్వల్పం. కాని లెక్కించిన ప్రభుత్వమే 1898లో కుష్ఠురోగుల చట్టం చేసి, బీద కుష్ఠురోగులను పట్టి నిర్బంధించే అధికారం తెచ్చుకుంది. 1912లో ఉన్మాదుల చట్టం చేసింది. అంటే గడిలోకి ఎక్కిన మనిషి ఆస్పత్రికి దగ్గర కావలసింది పోయి, పోలీసుకు దగ్గరయ్యాడు.

1941 నుండి 1971 వరకు నాలుగు జనగణనలలో వికలాంగుల ప్రశ్నే లేదు. స్వాతంత్ర్యం వచ్చింది, పంచవర్ష ప్రణాళికలు వచ్చాయి, మన కృష్ణ మీద 1957 నాటికి కొత్త బ్యారేజీ కూడా వచ్చింది. ఎన్ని ఎకరాలకు నీరందుతుందో లెక్క ఉంది. ఆ ఎకరాల గట్ల మీద నడవలేనివారు ఎందరో జనగణనలో లెక్క లేదు. ఇక్కడ ఒక తేడాను జాగ్రత్తగా పట్టుకోవాలి. పట్టికలో ఒక సంగతి కనిపించకపోతే దానికి రెండు అర్థాలుంటాయి. ఒకటి, అది లేదు. రెండు, దానిని గురించి అడగలేదు. పాలకులకు ఈ రెండూ కలిసిపోవడం ఎప్పుడూ అనుకూలమే. అడగకపోతే లేనట్టు, లేకపోతే ఖర్చు లేనట్టు.

1981ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ వికలాంగుల సంవత్సరంగా ప్రకటించింది. ఆ ఏటి జనగణనలో ప్రశ్న మళ్లీ వచ్చింది గాని, పూర్తిగా చూపులేనివారు, పూర్తిగా మాటలేనివారు, పూర్తిగా అవిటివారు అన్న మూడే గడులు పెట్టారు. దేశం మొత్తం మీద సుమారు 11 లక్షల మంది తేలారు. 1991లో మళ్లీ ప్రశ్న ఎగిరిపోయింది. 2001 జనగణనలో అది తిరిగి రావడానికి జావేద్ అబిదీ వంటివారు ఢిల్లీలో ఆందోళన చేయవలసి వచ్చింది. ఆ ఏడు లెక్క 2 కోట్ల 19 లక్షలు. 2011లో 2 కోట్ల 68 లక్షలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ లెక్కే తీసుకుంటే 2001లో సుమారు 13 లక్షల 65 వేలు, 2011లో 22 లక్షల 66 వేలు. ఇరవై ఏళ్లలో దేశంలో వికలాంగులు ఇరవై రెట్లు పెరిగారని ఎవరూ అనరు. మారింది ప్రశ్న, పెరిగినవి గడులు. ఆ గడులను ఉద్యమం తెచ్చిపెట్టింది. అంకెలను దైవవాక్కులుగా చదివే మన అర్థశాస్త్ర విద్యార్థులు ఈ ఒక్క ఉదాహరణను గుర్తుంచుకుంటే చాలు.

చట్టాల చరిత్ర కూడా ఇట్లాగే నడిచింది. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది. 2016 చట్టం ఇరవై ఒకటింటిని గుర్తించింది. రెండింటి మధ్య 2006లో ఐక్యరాజ్యసమితి ఒడంబడిక వచ్చింది, 2007లో మన దేశం దానికి కట్టుబడింది. కాని చట్టం హక్కు అన్నదానిని అమలులో ధ్రువపత్రం మింగివేస్తుంది. మన రాష్ట్రంలో 2010 ప్రాంతం నుండి సదరం పేరుతో కంప్యూటరు పద్ధతిలో వైకల్య నిర్ధారణ నడుస్తోంది. శిబిరానికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, వైద్యుడు శాతం రాయాలి. నలభైకి ఒకటి తగ్గితే పింఛను లేదు. 2024 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం వికలాంగుల పింఛనును మూడు వేల నుండి ఆరు వేలకు పెంచింది. ఇది మంచి పని. 2025లో అదే ప్రభుత్వం ధ్రువపత్రాల పునఃపరిశీలన జరిపింది. ఆగస్టులో పెద్ద సంఖ్యలో నోటీసులు వెళ్లాయి, నిరసనలు చెలరేగాయి. దొంగ పత్రాలను ఏరవద్దని ఎవరూ అనరు. కాని గమనించవలసినదేమంటే, మనిషి తన శరీరాన్ని ప్రభుత్వానికి మళ్లీ మళ్లీ రుజువు చేసుకోవాలి. తన భవనానికి ర్యాంపు ఉన్నదని ప్రభుత్వం ఆ మనిషికి ఒక్కసారి కూడా రుజువు చేయనక్కర లేదు.

నిజానికి రుజువు చేయవలసిన గడువు దాటిపోయింది. 2016 చట్టం ప్రకారం నిబంధనలు వెలువడిన ఐదేళ్లలోగా ప్రజా భవనాలన్నీ అందరూ ప్రవేశించగలిగేట్టు మారాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, కనుక గడువు 2022తో తీరింది. చూపులేని రాజీవ్ రతూరి 2005లో వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2017లో తీర్పు ఇచ్చింది. అమలు జరగక 2024 నవంబరులో మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఈలోగా పేర్లు మాత్రం మారుతూ వచ్చాయి. 2015 చివర ప్రధానమంత్రి రేడియో ప్రసంగంతో వికలాంగుడు దివ్యాంగుడయ్యాడు. మన రాష్ట్ర సంక్షేమ శాఖ విభిన్న ప్రతిభావంతులన్నది. మెట్లు మాత్రం మెట్లుగానే ఉన్నాయి. బిరుదు ఇచ్చి బాకీ ఎగ్గొట్టడం జమీందారీ కాలపు అలవాటు. నేను ఈ వ్యాసంలో వికలాంగులనే రాస్తున్నాను. హక్కుల కోసం ఈ నేల మీద పోరాడిన సంఘాలు తమ జెండా మీద రాసుకున్న మాట అదే.

ఇప్పుడు రెండవ పట్టిక వైపు వద్దాం. ప్రజలే కూర్చి ప్రజలే దిద్దుకునే పని మనకు పరాయిది కాదు. కృష్ణా డెల్టాలో పుట్టినవారికి గ్రంథాలయోద్యమాన్ని గురించి కొత్తగా చెప్పనక్కర లేదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడ రామమోహన గ్రంథాలయంలో ఆంధ్రదేశంలోని గ్రంథాలయ ప్రతినిధుల మొదటి మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణం పోశారు. ప్రభుత్వం పుస్తకాలయం పెట్టేదాకా ఆగకుండా, ఏ ఊళ్లో ఏమున్నదో తెలుసుకొని, లేని ఊళ్లో లేపడం ఆ ఉద్యమం పద్ధతి. 1935లో పాతూరి నాగభూషణంగారు కొల్లూరు నుండి పెదవడ్లపూడి దాకా కాలువ మీద పడవలో పుస్తకాలు నడిపించారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే అతని రేవుకు పోవాలన్నది అందులోని సూత్రం. వికలాంగుల ఉద్యమం ఈనాడు భవనాలను, బస్సులను, కార్యాలయాలను అడుగుతున్నది కూడా సరిగ్గా ఆ సూత్రాన్నే.

ఆ 1914 మహాసభకు అధ్యక్షత వహించినవారు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. చిన్ననాటి నుండి చూపు మందగించి, తర్వాతి జీవితంలో పూర్తిగా చూపు పోయిన రచయిత ఆయన. ఒకరు చదివి వినిపిస్తే విని, తాను చెబుతూ ఇంకొకరి చేత రాయించి, అంత సాహిత్యం మనకు మిగిల్చారు. మన సాహిత్య చరిత్రలు దీనిని ఆయన ప్రతిభకు నిదర్శనంగా చెప్పి ఊరుకుంటాయి. చదివి పెట్టినవారు, రాసి పెట్టినవారు లేకపోతే ఆ ప్రతిభ ఏమయ్యేదని అడగవు. గణపతి రాసిన మనిషికి దొరికిన సహాయం, అదే కాలంలో అదే గోదావరి ఒడ్డున చూపు పోయిన కూలివాడికి దొరికిందా? ప్రతిభ వ్యక్తిది కావచ్చు. ఆసరా సమాజానిది, అది వర్గాన్ని బట్టి అందుతుంది. చూపు సరిగా లేని అధ్యక్షుడితో మొదలైన ఉద్యమానికి వారసులైన మన గ్రామ గ్రంథాలయాలలో బ్రెయిలీ పుస్తకాల అర ఈనాటికీ అరుదు. భారతీయ భాషలన్నిటికీ ఉమ్మడి బ్రెయిలీ లిపి 1951లోనే స్థిరపడింది.

ఆసరా సమాజానిదన్న ఈ మాటను సిద్ధాంతంగా నిలబెట్టినవారు ఇంగ్లండులో వికలాంగులే. 1972 సెప్టెంబరులో పాల్ హంట్ అనే ఆయన గార్డియన్ పత్రికకు ఒక లేఖ రాశారు. ఆశ్రమాలలో బందీలుగా బతుకుతున్న వికలాంగులు తామే సంఘం పెట్టుకోవాలని పిలుపు ఇచ్చారు. దానితో ఏర్పడిన సంఘం 1976లో తన మూలసూత్రాలను ప్రచురించింది. శరీరంలోని లోపం వేరు, ఆ లోపం ఉన్నవారిని బయటకు నెట్టే సామాజిక ఏర్పాటు వేరు, అణచివేసేది రెండవదే అన్నది వాటి సారాంశం. ఆ సంఘంలో ముఖ్యుడైన విక్ ఫింకెల్‌స్టీన్ దక్షిణాఫ్రికాలో జాతి వివక్షను ఎదిరించి జైలుకు పోయి, దేశం విడిచి వచ్చినవాడు. ఒకచోట బస్సు ఎక్కనివ్వనిది చర్మం రంగు, ఇంకొకచోట బస్సు మెట్టు. ఎక్కనివ్వకపోవడం రెండు చోట్లా మనుషులు చేసిన ఏర్పాటే.

ఆ సూత్రం కాగితం మీదనే నిలిచిపోలేదు. 1976లోనే, బొగ్గు గనులకు పేరుపడ్డ డెర్బీషైర్‌లో, వికలాంగులు తామే నడిపే సమాచార కేంద్రం ఒకటి టెలిఫోను మీద మొదలైంది. దాని వెనుక ఉన్నవారిలో ఒకడైన కెన్ డేవిస్ వికలాంగుడి స్వతంత్ర జీవితానికి ఏడు అవసరాలను వరుసగా చెప్పాడు. వాటిలో సమాచారం మొదటిది. ఇల్లు, పనిముట్లు, సహాయకుడు, రవాణా అన్నీ దాని తర్వాతనే. ఎందుకంటే ఏది ఎక్కడ ఉన్నదో తెలియనివాడికి ఉన్నది కూడా లేనట్టే. తెలిసినవాడి దయ మీద ఆధారపడినంతకాలం హక్కు కూడా దానంగానే చేతికి వస్తుంది.

అయితే టెలిఫోను కేంద్రానికైనా, అచ్చు డైరెక్టరీకైనా ఒక బలహీనత ఉంది. డైరెక్టరీ అచ్చైన మరునాటి నుండే పాతబడుతుంది. కార్యాలయం మారుతుంది, నిపుణుడు బదిలీ అవుతాడు, పథకం పేరు మారుతుంది. దిద్దే అధికారం ప్రచురించినవారిదే గనుక మళ్లీ అచ్చు వేసేదాకా తప్పు తప్పుగానే ఉంటుంది. ఈ చిక్కుకు పరిష్కారం ఇంకొక రంగం నుండి వచ్చింది. 1995లో వార్డ్ కన్నింగ్‌హామ్ అనే ప్రోగ్రామరు చదివేవాడే దిద్దగల పేజీలను తయారుచేశాడు. ఆ పద్ధతి మీదనే 2001లో వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. 2004లో అదే పద్ధతిలో ప్రపంచ పటాన్ని జనమే గీయడం ఆరంభమైంది, దాని పేరు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్. 2010లో బెర్లిన్‌లో కొందరు ఆ పటం మీద వీల్‌మ్యాప్ కట్టారు. చక్రాల కుర్చీ పోగల చోటు ఆకుపచ్చ, కష్టం మీద పోగల చోటు పసుపు, పోలేని చోటు ఎరుపు. ఎవరూ చూసి చెప్పని చోటు బూడిద రంగు.

ఈ నాలుగవ రంగును నేను అన్నిటికంటె గొప్పదిగా భావిస్తాను. మన జనగణనలు కలిపివేసిన రెండు అర్థాలను ఆ పటం విడదీసింది. ఎరుపు అంటే లేదు. బూడిద అంటే ఇంకా అడగలేదు. ఎరుపు చుక్క యజమానిని నిలదీస్తుంది, బూడిద చుక్క మనను నిలదీస్తుంది. పట్టిక నిజాయితీకి ఇంతకంటె సులువైన పరీక్ష లేదు. తనకు తెలియనిదాన్ని తెలియదని చూపించే గడి దానిలో ఉన్నదా, లేదా?

మన దేశంలో ఈ పద్ధతి బలం 2021 ఏప్రిల్, మే నెలలలో అందరూ చూశారు. కోవిడ్ రెండవ వెల్లువలో ఆక్సిజన్ ఎక్కడ ఉన్నది, పడక ఎక్కడ ఖాళీ అని ప్రభుత్వాలు చెప్పలేకపోయిన రోజులవి. విద్యార్థులు, ఉద్యోగులు, గృహిణులు ఎవరి ఇంట్లో వారు కూర్చుని, ఫోను చేసి విచారించి, ఉమ్మడి పట్టికలలో గంట గంటకూ రాశారు. ప్రతి పేరు పక్కన విచారించిన వేళ కూడా రాశారు. ఆ వేళ లేని సమాచారం ప్రాణం తీయగలదని రెండు రోజులలోనే అందరూ నేర్చుకున్నారు. వెల్లువ తగ్గింది, పట్టికలు మూతపడ్డాయి. కాని వికలాంగుడి బతుకులో ఆ ఏప్రిల్ ఏటా పన్నెండు నెలలూ ఉంటుంది.

మన పల్లెలలో ఈ పట్టిక నోటి మాటగా అంతకు ముందే ఉన్నది. 2000లో వెలుగు పేరిట మొదలైన పేదరిక నిర్మూలన పథకం కింద, మహిళా సంఘాలతో పాటు గ్రామాలలో వికలాంగుల సంఘాలు, మండలాలలో వాటి సమాఖ్యలు ఏర్పడ్డాయి. ఆ పథకానికి ప్రపంచ బ్యాంకు అప్పు ఇచ్చింది, దానిని గురించి మన పత్రికలు చేసిన విమర్శను నేను కాదనను. కాని గుమ్మం దాటని మనుషులు నెలకొకసారి ఒకచోట కూర్చున్నారు. ఎక్కడ ధ్రువపత్రం ఇస్తారు, ఎవరు లంచం అడుగుతారు, ఏ డిపోలో రాయితీ పాసు తొందరగా వస్తుంది అన్నది ఆ కూర్చున్నచోట ఒకరి నుండి ఒకరికి పాకింది. 2007లో మొదలైన వికలాంగుల హక్కుల పోరాట సమితి సభలకు జనం కదలి రావడానికి వెనుక ఈ కూర్చున్న అనుభవం కూడా ఉన్నదని నా అభిప్రాయం. అయితే నోటి పట్టిక మనిషితో పాటు పోతుంది. సంఘం చెదిరితే అదీ చెదురుతుంది.

మా పామర్రు సంగతి తీసుకొంటే ఇటువంటి పట్టిక ఎందుకు కావాలో తేటపడుతుంది. ఇది దారులు కలిసే ఊరు. అటు విజయవాడ, ఇటు బందరు, పైకి గుడివాడ, కిందికి కూచిపూడి మీదుగా చల్లపల్లి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు పోయింది, పామర్రు బందరు కేంద్రంగా కృష్ణా జిల్లాలో మిగిలింది. తరతరాలుగా పెద్దాస్పత్రి అంటే బెజవాడ అని అలవాటు పడినవారికి ఏ కాగితం ఏ ఊరికి పోతుందో తెలియలేదు. 2023లో బందరులో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. ఏడాది తేడాలో రెండు మార్పులు. అంతకు ముందు అచ్చు వేసిన ఏ పుస్తకమైనా ఈ ఊరి వికలాంగుణ్ణి తప్పుదారి పట్టించేదే.

కొందరు విద్యార్థులతో కలిసి ఇక్కడ ఇటువంటి పట్టిక ఒకటి మొదలుపెట్టాం. బ్యాంకులు, మందుల షాపులు, సచివాలయాలు, ప్రత్యేక అవసరాల పిల్లలకు మండలాలలో ఉన్న భవిత కేంద్రాలు, వినికిడి యంత్రాలు బాగుచేసేవారు, మూడు చక్రాల బండికి టైరు మార్చేవారు, ఇట్లా. మాతో తిరిగినవారిలో పోలియో వచ్చి మూడు చక్రాల బండి మీద తిరిగే ఒకాయన ఉన్నారు. ఒక కార్యాలయం దగ్గర ర్యాంపు ఉన్నది చూసి మా కుర్రవాడు ‘ఉంది’ అని రాసుకొన్నాడు. ఆయన బండి పైదాకా ఎక్కించి చూపించారు. పైన తలుపుకు తాళం వేసి ఉన్నది. తాళం చెవి ఉన్న ఉద్యోగి భోజనానికి వెళ్లాడు. ‘ఇప్పుడేమని రాయమంటారు?’ అని కుర్రవాడు అడిగాడు. ‘తాళం ఎవరి దగ్గరుంటదో అది రాయండి మాస్టారూ’ అన్నారాయన, నా వైపు తిరిగి.

ఈ ఒక్క మాటలో రెండు పట్టికల తేడా అంతా ఉన్నది. ప్రభుత్వం కాగితంలో ర్యాంపు అన్న గడికి ఉంది, లేదు అన్న రెండు జవాబులే. ర్యాంపు వాడేవాడికి మాత్రమే మూడవ ప్రశ్న తడుతుంది. కనుక ఇటువంటి పట్టికను వికలాంగుల కోసం మనం రాసిపెట్టడం చాలదు. వారు రాయాలి, వారు దిద్దాలి. మనం బండి తోయవచ్చు, టైపు చేయవచ్చు. ఏ గడి ఉండాలో నిర్ణయించవలసినది వారే.

దీని మీద మన శిబిరం నుండే కొన్ని అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, ప్రభుత్వం చేయవలసిన పనిని ప్రజలు ఉచితంగా చేసిపెడితే ప్రభుత్వానికి బాధ్యత తప్పదా అన్నది. ఇది బలమైన ప్రశ్న. స్వచ్ఛంద సేవ పేరుతో సంక్షేమాన్ని జనం నెత్తిన వేయడం మనం చూస్తున్నదే. అయితే పట్టికలో ఉన్న సేవలను మాత్రమే చూసేవారికి అది సేవ. ఎర్ర గడులను కూడా చూసేవారికి అది అభియోగపత్రం. గడువు తీరి ఇన్నేళ్లయినా ఈ మండలంలో ఫలానా భవనాలు చట్టాన్ని అతిక్రమిస్తున్నాయి అని తేదీతో సహా చూపగల కాగితం చేతిలో ఉంటే, అర్జీకి, ధర్నాకు, వ్యాజ్యానికి పునాది దొరికినట్టే. ప్రభుత్వం చేయవలసిన పని సేవ అందించడం. అందించిందా లేదా అని లెక్క రాయడం ఎప్పుడూ ప్రజలు చేయవలసిన పనే.

రెండవది యాజమాన్యం ప్రశ్న. ఇదే సమాచారాన్ని పెద్ద కంపెనీల పటాలలో కూడా రాయవచ్చు, జనం రాస్తున్నారు కూడా. కాని ఆ రాత కంపెనీ ఆస్తి అవుతుంది, వాడుకొనే షరతులు కంపెనీవే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వంటి వాటిలో రాసినది ఎవరైనా వాడుకోవచ్చు, దాని నుండి ఇంకొకటి కట్టుకోవచ్చు. పొరంబోకు చెరువుకూ ఒకరి కంచెలోని చెరువుకూ ఉన్న తేడా డెల్టా రైతుకు చెప్పనక్కర లేదు. నీరు ఒకటే అయినా తూము తాళం ఎవరిదన్నదే విషయం.

మూడవది, ఎవరైనా దిద్దవచ్చు అంటే దళారులు కూడా దిద్దుతారు కదా అన్నది. దిద్దుతారు. ధ్రువపత్రాల దళారీ తన ఫోను నంబరు చేర్చుతాడు. దీనికి మందు తలుపు మూయడం కాదు, చేర్చిన ప్రతి సంగతికీ తేదీ, స్వయంగా చూసి వచ్చినవారి సాక్ష్యం ఉండాలన్న నియమం. ఇంకొక నియమం దీనికంటె ముఖ్యమైనది. ఈ పట్టికలో చోట్లు ఉండాలి, సేవలు ఉండాలి. మనుషుల పేర్లు, వారి రోగాలు, వారి శాతాలు ఉండరాదు. మనుషుల పట్టికలు 1898 చట్టం నాడు ఎవరి చేతికి పోయాయో పైన చూశాం.

చివరి చిక్కు మన భాషకు సంబంధించినది, సాహిత్యం చదువుకొన్నవాళ్లం గనుక ఇది మన వంతు పని. చూపులేనివారు తెరమీది రాతను చదివి వినిపించే ప్రోగ్రాములు వాడతారు. వాటిలో ఎన్‌వీడీఏ అనేదాన్ని 2006లో ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడు ఒకడు మొదలుపెట్టాడు, అది ఉచితం, తెలుగు కూడా చదువుతుంది. కాని దానికి రాత రాతగా అందాలి. మన ప్రకటనలు, కరపత్రాలు, దరఖాస్తులు చాలావరకు బొమ్మలుగా పంపుతాం. లేదా యూనికోడ్ కాని పాత ఫాంట్లలో కూర్చి ఉంచుతాం. ఆ ప్రోగ్రాము ముందు అవి మూగవి. అభ్యుదయ పత్రికలు కూడా దీనికి మినహాయింపు కావు. ప్రజల భాష కోసం గిడుగు నాటి నుండి పోరాడిన వారసత్వం మనది. ఆ ప్రజలలో చూపులేనివారు కూడా ఉన్నారని గుర్తిస్తే, గ్రాంథిక వ్యావహారిక వివాదంలో మిగిలిపోయిన ఒక అధ్యాయం మన ముందున్నది.

నేను చెప్పదలచినది ఇంతే. ప్రతి కళాశాలలోనూ తెలుగు, చరిత్ర, కంప్యూటరు విద్యార్థులు ఉన్నారు. ప్రతి మండలంలోనూ సంఘంగా కూర్చున్న అనుభవమున్న వికలాంగులు ఉన్నారు. వీరిద్దరినీ కలపడానికి జీవో అక్కరలేదు. ఒక మండలాన్ని తీసుకొని, వికలాంగులు ముందు నడవగా, ఒక్కొక్క గుమ్మం దగ్గరా ఆగి ఉన్నది ఉన్నట్టు, లేనిది లేనట్టు, తెలియనిది తెలియనట్టు రాయడం మొదలుపెట్టాలి. మూడు నెలలకొకసారి మళ్లీ తిరిగి దిద్దాలి. ఎర్ర గడుల జాబితాను ఏటా డిసెంబరు 3న, వికలాంగుల దినాన, సన్మానాల శాలువలకు బదులుగా అధికారుల చేతిలో పెట్టాలి. వారు మనుషులను లెక్కపెడుతూనే ఉంటారు. మనం వారి బాకీలను లెక్కపెడుతూ ఉండాలి.